కట్టని బిల్లులో మిగులెక్కడిది?

"మీరు పైసా పెట్టక్కర్లేదు సార్. పెట్టుబడి మాది. బిల్లులో ఎంత మిగిలితే అందులోంచే మేం తీసుకుంటాం." కరెంటు ఆదా చేసిపెడతామని సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే కంపెనీలు మొదట చెప్పే మాట ఇదే. ఇందులో అబద్ధమేమీ లేదు, చాలా దేశాల్లో ఈ పద్ధతి నడుస్తోంది. కాకపోతే దాన్ని తెచ్చి నల్లగొండలో ఒక ఆసుపత్రికో, పాలమూరులో ఒక గురుకులానికో తగిలించే ముందు ఒక మాట అడగాలి. బిల్లులో మిగలాలంటే ముందు ఆ బిల్లు కడుతూ ఉండాలి కదా?

మన దగ్గర సర్కారు సర్వీసుల బిల్లు నడిచే తీరే వేరు. రీడింగ్ తీస్తారు, బిల్లు వస్తుంది, ఫైల్లోకి పోతుంది. నీళ్లు, కరెంటు ఛార్జీల పద్దు కింద బడ్జెట్ విడుదలైతే ట్రెజరీ దాకా వెళ్తుంది. కాకపోతే బకాయి పేరుతో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) పుస్తకాల్లో కూర్చుంటుంది. ఆసుపత్రికి, హాస్టలుకు ఫ్యూజు పీకే ధైర్యం ఎవరికీ ఉండదు. కాబట్టి నెలకు లక్ష వచ్చే బిల్లు డెబ్బై వేలకు దిగినా సూపరింటెండెంట్ చేతికి ముప్పై వేలు రావు. బకాయి కాస్త మెల్లగా పెరుగుతుంది, అంతే. ఆ ముప్పై వేలల్లోంచి కంపెనీ వాయిదా కట్టమంటే ఆయన ఎక్కడినుంచి తెస్తాడు?

దీనికి జవాబు రాసుకోని ఒప్పందం రెండో ఏటికే మూలనపడుతుంది. ఇంత ఆదా అవుతుందని కంపెనీయే రాసిచ్చే ఈ హామీ ఆదా పద్ధతి మనకు పనికిరాదని కాదు. పనికొస్తుంది, లెక్కలు నిలబడతాయి కూడా. కానీ అందరూ లైట్లు, ఫ్యాన్ల దగ్గర మొదలుపెడుతున్నారు. మొదలుపెట్టాల్సింది మీటరు దగ్గర, ఆ తర్వాత డబ్బు వచ్చే దారి దగ్గర.

ఈ పని చేసే కంపెనీలను ఎస్కోలంటారు. 2001 ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వీటికి గ్రేడింగ్ ఇప్పించి జాబితా నిర్వహిస్తుంది. ఒప్పందాలు ముఖ్యంగా రెండు తీర్లు. మొదటిదాంట్లో అప్పు భవనం యజమాని పేరున ఉంటుంది. ఏటా ఇంత ఆదా అవుతుందని ఎస్కో రాసిస్తుంది, తగ్గితే ఆ తేడా తన జేబులోంచి కడుతుంది. అసలు 'హామీ ఆదా' అంటే ఇదే. రెండోదాంట్లో అప్పు ఎస్కోది, వచ్చిన ఆదాలో ఇద్దరికీ వాటా.

మొదటిది మన ఆసుపత్రులకు, హాస్టళ్లకు యథాతథంగా అతకదు. బ్యాంకులో అప్పు కాగితం మీద సంతకం పెట్టే అధికారం సూపరింటెండెంట్‌కు గానీ వార్డెన్‌కు గానీ లేదు. అందుకే ఇక్కడ రెండూ కలిపిన రకం నడుస్తుంది: పెట్టుబడి ఎస్కోది, హామీ కూడా ఎస్కోదే, సర్కారు వాయిదాలు కడుతుంది. వినడానికి సర్కారుకు లాభంగా కనిపిస్తుంది. కానీ ఎస్కోకు అప్పిచ్చే బ్యాంకు చూసేది ఎల్‌ఈడీ బల్బు నాణ్యత కాదు, వాయిదా కట్టేది ఎవరన్నది. కట్టేది బిల్లు బకాయిలున్న ఆఫీసు అని తెలిస్తే వడ్డీ పెంచుతుంది, లేదా కంపెనీ యజమాని ఇల్లు తనఖా అడుగుతుంది. అప్పు మునిగితే బ్యాంకు నష్టంలో కొంత భరించే ఏర్పాటు ఉంది, ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు సిడ్బీ నడిపిన పాక్షిక రిస్కు పథకం అలాంటిదే. అది బ్యాంకుకు ధైర్యమిస్తుంది. ట్రెజరీలో బిల్లు పాస్ చేయించదు.

ఇక లెక్కకు వద్దాం. 100 పడకల ఆసుపత్రి ఒకటి ఉందనుకుందాం. 400 ట్యూబులైట్లు, 250 ఫ్యాన్లు. ట్యూబులైటు 36 వాట్లదే అయినా రాగి చోక్‌తో కలిపి దాదాపు 50 వాట్లు లాగుతుంది. దాని జాగాలో 18 వాట్ల ఎల్‌ఈడీ పెడితే ఒక్కోదానికి 32 వాట్లు మిగులు. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి 4,380 గంటలు. 400 లైట్లకు 56,064 యూనిట్లు. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, 45 మిగులు. ఏడాదికి 5,000 గంటలు తిరిగితే 250 ఫ్యాన్లకు 56,250 యూనిట్లు. రెండూ కలిపి 1,12,314. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే సుమారు 9 లక్షలు. ఎస్కో బ్రోషర్‌లో ఉండే అంకె ఇదే.

ఇప్పుడు నిచ్చెన తీసుకుని వార్డుల్లో తిరగాలి. 400 ట్యూబులైట్లలో 90 వెలగవు. కొన్నింటికి స్టార్టరు పోయింది, కొన్నింటికి చోక్ మాడింది, కొన్ని ఫిట్టింగుల్లో ట్యూబే లేదు. 250 ఫ్యాన్లలో 40 తిరగవు. తిరిగే 210లో కొన్నింటికి కెపాసిటర్ బలహీనపడి మెల్లగా తిరుగుతాయి, కొన్ని రెగ్యులేటరు మూడో నంబరు మీదే ఏళ్లుగా ఉన్నాయి. కరెంటు కొలిచే క్లాంప్ మీటరో పవర్ ఎనలైజరో పెట్టి సగటు తీస్తే 75 కాదు, 62 వాట్లే వచ్చిందనుకుందాం. కొత్త ఫ్యాను అదే వాడకంలో 26 వాట్లు.

ఈ కొలతతో లెక్క మారిపోతుంది. వెలుగుతున్న 310 లైట్ల మీద నిజమైన ఆదా 43,450 యూనిట్లు, తిరుగుతున్న 210 ఫ్యాన్ల మీద 37,800. కలిపి 81,250. అయితే కొత్తవి పెట్టాక ఆ చచ్చిన 90 లైట్లూ వెలుగుతాయి, 40 ఫ్యాన్లూ తిరుగుతాయి. వాటికి కొత్తగా ఖర్చయ్యేది 12,296 యూనిట్లు. అది తీసేస్తే మీటరు మీద కనిపించే తగ్గుదల 68,954 యూనిట్లు. రూపాయల్లో సుమారు 5.5 లక్షలు.

బ్రోషర్ 9 లక్షలు అంది, మీటరు 5.5 అంటోంది. బ్రోషర్ అంకె పట్టుకుని 'ఆదాలో 80 శాతం ఎస్కోకు' అని రాసేస్తే ఏటా 7.2 లక్షలు కట్టాలి. బిల్లు తగ్గింది 5.5. ఆదా పథకం పెట్టుకుని ఆసుపత్రి ఏటా ఇంకో 1.7 లక్షలు ఎదురు కట్టాల్సి వస్తుంది. ఇందులో ఎస్కో మోసమేమీ లేదు, పాత లెక్క (పని మొదలవకముందు కరెంటు వాడకం) కట్టేటప్పుడు నిచ్చెన ఎవరూ ఎక్కలేదు, అంతే.

నిజాయితీ లెక్కతో కూడా ఈ పని గిట్టుబాటే. ఫ్యాను బిగింపుతో 3,200, లైటు 350 చొప్పున చూస్తే 8 లక్షలు, 1.4 లక్షలు. మోటరు మార్పు, మీటర్లు కలిపి మొత్తం 11.5 లక్షలు అనుకుందాం. 11 శాతం వడ్డీకి నాలుగేళ్ల వాయిదా ఏడాదికి 3.7 లక్షలు. దానిమీద నిర్వహణ, కొలత ఖర్చు వేసుకున్నా 5.5 లోపలే సరిపోతుంది. అంకెలు పెంచి చెప్పాల్సిన అవసరం అసలు లేదు. పెంచి చెప్పినందువల్లే మొదటి ఏడాది లెక్క చూసుకునే రోజు గొడవ మొదలవుతుంది.

చచ్చిన లైట్లు, ఫ్యాన్ల సంగతి మాత్రం విడిగా రాసుకోవాలి. వాటిని బాగుచేయడం ఆదా కాదు, ఎప్పుడో చేయాల్సిన మరమ్మతు. ఆ 90 లైట్లు, 40 ఫ్యాన్ల ధర సుమారు 1.6 లక్షలు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల్లోంచో మరమ్మతు పద్దులోంచో ముందే కట్టేసి, వాటిని ఆదా ఒప్పందంలోంచి తీసేయడం మంచిది. కొందరు ఎస్కోలు దీన్ని తిరగేసి అడుగుతారు: 'అవి వెలుగుతూ ఉన్నట్టే అనుకుని పాత లెక్క కట్టండి' అని. ఒప్పుకుంటే ఎన్నడూ కాలని కరెంటుకు మీరు వాటా కడుతున్నట్టు.

పాత లెక్కకు ఏ సంవత్సరం తీసుకుంటారన్నదీ చూడాలి. స్కూళ్లు, హాస్టళ్లకు 2020, 2021 బిల్లులు పనికిరావు, కొవిడ్ వల్ల అప్పుడు అవి చాలాకాలం మూతపడి ఉన్నాయి. వరసగా కనీసం 12 నెలల రీడింగ్ కావాలి, 24 ఉంటే ఇంకా మంచిది. బిల్లు మీద 'డోర్ లాక్' అనో, సగటు రీడింగ్ అనో ఉన్న నెలలు తీసేయాలి. వేసవి సెలవుల్లో హాస్టలు ఖాళీ, ఆసుపత్రి నిండుగా ఉంటుంది. రెంటికీ ఒకే సూత్రం పెట్టకూడదు. ఏసీలు ఎక్కువున్న చోట నల్లగొండ మే నెల ఎండకు, ముసురు పట్టిన ఆగస్టుకు తేడా వేసుకోవాలి. మంచాల సంఖ్య, పిల్లల సంఖ్య పెరిగితే పాత లెక్క ఎలా సవరిస్తారో సంతకం రోజే రాసుకోవాలి. కొత్త డయాలసిస్ యూనిట్ వచ్చిన తర్వాత మాట్లాడుకుందామంటే ఇద్దరూ తమకు నచ్చిన లెక్కే తెస్తారు.

ఫ్యాన్ల దగ్గర పనివాళ్లు చేసే తప్పు ఒకటుంది, వందల ఫ్యాన్లు పోయేది దీనివల్లే. బీఎల్‌డీసీ ఫ్యానుకు పాత రెగ్యులేటరు ఉండకూడదు. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, దానికి నేరుగా పూర్తి వోల్టేజీ కావాలి. రెగ్యులేటరు తీసేసి వైరు నేరుగా కలపాలి. చాలాచోట్ల రెగ్యులేటరు అలాగే ఉంచి పూర్తి స్పీడులో పెట్టి వెళ్లిపోతారు. మర్నాడు ఎవరో దాన్ని రెండుకు తిప్పుతారు. ఫ్యాను కిచకిచలాడుతుంది, కొన్నాళ్లకు బోర్డు పోతుంది. ఇంకోటి, రిమోటు. హాస్టలు డార్మిటరీలో 20 ఫ్యాన్లకు 20 రిమోట్లు ఇస్తే నెల తిరిగేసరికి ఐదుంటే గొప్ప. గోడ స్విచ్ ఆపి వేస్తే స్పీడు మారే రకం, లేదా గోడకే బిగించిన కంట్రోలు ఉన్న రకం టెండరులోనే అడగాలి.

లైట్ల దగ్గర అసలు శత్రువు న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. పాత భవనాల్లో మెయిన్ బోర్డు దగ్గర న్యూట్రల్ వదులైతే ఒక ఫేజు మీద వోల్టేజీ 350 దాటిపోవచ్చు. పాత ట్యూబులైటు దాన్ని కొంతసేపు ఓర్చుకునేది, ఎల్‌ఈడీ డ్రైవరు ఓర్చుకోదు. ఒక రాత్రి ఒకే వార్డులో ముప్పై లైట్లు పోయాయంటే లైట్ల నాణ్యతను తిట్టే ముందు న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీ (బస్‌బార్) నట్లు చూడాలి. వోల్టేజీ పెరగ్గానే ఆగి, తగ్గగానే తిరిగి పనిచేసే డ్రైవర్లు దొరుకుతాయి. ఎర్తింగు గుంతల్లో ఎండాకాలం నీళ్లు పోయించే పని ఎవరిదో కూడా ఒప్పందంలో ఉండాలి. హాస్యంగా అనిపిస్తుంది గానీ, అది లేకనే హామీ గొడవలు మొదలవుతాయి.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు దాగున్నది మోటర్ల దగ్గర, అందరూ చివర చూసేదీ వాటినే. వెయ్యి లీటర్ల నీటిని వంద మీటర్లు ఎత్తడానికి నష్టమే లేకపోతే 0.27 యూనిట్ చాలు. నిజంలో పంపు, మోటరు, పైపు కలిపి సామర్థ్యం 50 శాతం ఉంటే అది మంచి పంపు. నల్లగొండ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, వాటిలో గట్టిదనమూ తక్కువేమీ కాదు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తోడిన పంపు ఇంపెల్లరు (నీళ్లు నెట్టే చక్రం), పైపుల లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. సామర్థ్యం 30 శాతానికి పడిపోతుంది. 60 మీటర్ల లోతు బోరు అలాంటి పంపుతో తోడితే వెయ్యి లీటర్లకు 0.55 యూనిట్ దాకా కాలుతుంది.

దీన్ని కొలవడానికి ఖరీదైన ఫ్లో మీటరు అక్కర్లేదు. ట్యాంకు కొలతలు తీసుకోండి, వాడకం వాల్వు మూసి, మోటరు వేసి, నీళ్లు మీటరు ఎత్తు పెరగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. అదే సమయంలో కరెంటు మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందో రాసుకోండి. 20 వేల లీటర్లకు 12 యూనిట్లు అయితే వెయ్యి లీటర్లకు 0.6. ఆ అంకె గోడ మీద రాసి పెడితే ఏ ఇంజనీరూ వాదించడు.

ఇక్కడే ఇంకో మెలిక. మిషన్ భగీరథ లైను వచ్చాక చాలా భవనాల సంపుల్లోకి నీళ్లు వాటంతటవే వస్తున్నాయి. సంపులోంచి పైట్యాంకుకు 20 మీటర్లు ఎత్తితే చాలు. మంచి పంపుతో వెయ్యి లీటర్లకు 0.11 యూనిట్. అయినా అలవాటుగా బోరు మోటరే వేస్తారు, స్టార్టరు బోర్డు వాచ్‌మన్ గది పక్కనే ఉంటుంది కాబట్టి. ఇక ఎస్కో వచ్చి చిన్న పంపు పెట్టి, భగీరథ నీళ్లు వాడుకుని, మొత్తం తేడా తన ప్రతిభే అంటే ఒప్పుకోవాలా? కొంత మాత్రమే. నీళ్లు వచ్చింది సర్కారు పైపులోంచి. అందుకే పంపులకు హామీ 'నెలకు ఇన్ని యూనిట్లు తగ్గిస్తాం' అని కాకుండా 'వెయ్యి లీటర్లకు ఇన్ని యూనిట్లు దాటదు' అని, బోరుకు ఒకటి, సంపుకు ఒకటి విడివిడిగా రాసుకోవాలి. పైట్యాంకు పొంగి పోతుంటే ఏ పంపు పెట్టినా దండగే. ట్యాంకు నిండగానే మోటరు ఆపే ఫ్లోటు స్విచ్ ఖర్చు రెండు వేలలోపే.

పెద్ద ఆసుపత్రులు, మెడికల్ కాలేజీలు 11 కేవీ సర్వీసుల మీద ఉంటాయి. వాటి బిల్లు రెండు ముక్కలు: వాడిన యూనిట్లు, డిమాండు (ఒకేసారి లాగే గరిష్ఠ లోడు, కేవీఏలలో) ఛార్జీ. డిమాండు నమోదైనంత గానీ, ఒప్పుకున్న డిమాండులో 80 శాతం గానీ, ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. 200 కేవీఏ ఒప్పుకున్న చోట లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు మార్చి డిమాండు 120కి దింపినా బిల్లు 160కే పడుతుంది. డిస్కంకు దరఖాస్తు పెట్టి ఒప్పుకున్న డిమాండు తగ్గించుకుంటేనే ఆ మిగులు చేతికొస్తుంది. ఎస్కో లెక్కలో డిమాండు ఆదా ఉంటే, ఆ దరఖాస్తు ఎవరు పెడతారో, అది మంజూరయ్యే దాకా ఆ మొత్తం ఎవరి నెత్తిన పడుతుందో రాసుండాలి. యూనిట్లు కూడా పవర్ ఫ్యాక్టరు (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) తగ్గితే పెరిగే కేవీఏహెచ్ లెక్కన పడతాయి కాబట్టి 0.9 కంటే తక్కువ పవర్ ఫ్యాక్టరున్న ఎల్‌ఈడీలు కొనకూడదు. పాత లోడుకు సరిపడా పెట్టిన కెపాసిటర్లు కొత్త లోడుకు ఎక్కువైపోతాయి, వాటినీ తగ్గించుకోవాలి.

హామీ రూపాయల్లో ఉండకూడదు, యూనిట్లలోనే ఉండాలి. 'ఏటా టారిఫ్ 5 శాతం పెరుగుతుంది' అని ఊహించి రూపాయల్లో రాసిచ్చే ఎస్కో, రేపు విద్యుత్ నియంత్రణ కమిషన్ రేటు పెంచితే ఆ పెంపుదలనూ తన ఆదా కిందే చూపిస్తుంది. పాత లెక్క నాటి రేటు దగ్గర రూపాయి విలువ కట్టేసి, ఆ రేటు ఒప్పందం పొడవునా మారదని రాస్తే ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఒక ఏడాది ఎక్కువ ఆదా అయిందని తర్వాతి ఏడాది లోటులో సర్దుకునే వీలు కూడా ఇవ్వొద్దు. ఏ ఏటి లెక్క ఆ ఏడే. సోలార్ ప్యానెళ్లు పెడితే వాటికి మీటరు వేరు, లెక్క వేరు. పైకప్పు మీద తయారైన కరెంటును ఆదాలో కలిపి చూపించే ప్రయత్నం మామూలే.

కొలిచే పద్ధతికి ఐపీఎంవీపీ అనే అంతర్జాతీయ సూత్రావళి ఉంది, అందులో నాలుగు దారులు. మొత్తం భవనం మీటరు చూసి తేల్చే దారి చవక, కానీ ఆదా మొత్తం వాడకంలో 10 శాతానికి మించితేనే అది నమ్మదగింది. అంతకంటే తక్కువైతే ఎండలు, జనం రద్దీ కలిసి ఆ తేడాను మింగేస్తాయి. అప్పుడు లైట్ల ఫీడరుకు ఒక సబ్‌మీటరు, పంపుకు ఒకటి పెట్టి విడిగా కొలవాలి. కొలిచే మనిషి జీతం ఎస్కో ఇవ్వకూడదు. బ్యూరో పరీక్ష పాసైన ఎనర్జీ ఆడిటరును శాఖే నియమించి, ఆ ఖర్చును ప్రాజెక్టు ధరలోనే చేర్చాలి.

కొలత బాధ లేకుండా 'ఇంత ఆదా అయినట్టే' అని ముందే ఒప్పుకునే దారి కూడా ఉంది. వీధిలైట్లలో కేంద్ర విద్యుత్ శాఖ కింది సంస్థ ఈఈఎస్ఎల్ దాన్ని పెద్దఎత్తున నడిపింది: పాత దీపం వాటేజీ, కొత్త దీపం వాటేజీ, వెలిగే గంటలు నమూనాగా తేల్చుకుని ఏడేళ్లు స్థిరమైన వాయిదా. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ వీధుల్లో లైట్లు ఆ సంస్థే మార్చింది. వీధిలైటుకు ఈ పద్ధతి సరిపోతుంది, గంటలు దాదాపు ఖాయం కాబట్టి. వీధిలైట్లకు విడిగా వేసే మూడో తీగ, స్విచ్ లేక పగలూ వెలిగే పల్లెల్లో మాత్రం కాదు. అక్కడ ఆదా ఎల్‌ఈడీది ఎంత, టైమరుది ఎంత అన్నది తేల్చకపోతే గ్రామ పంచాయతీ టైమరు తానే కొనుక్కుని చేయగలిగిన పనికి ఏడేళ్లు వాయిదా కడుతుంది.

ఇక మొదటి ప్రశ్న, డబ్బు దారి. పాత లెక్క ఏడాదిలో ఆ భవనానికి కరెంటు పద్దు ఎంతో, ఒప్పందం ముగిసే దాకా ఆర్థిక శాఖ ఆ పద్దు తగ్గించకూడదు. బిల్లు తగ్గింది కదా అని మరుసటి బడ్జెట్‌లోనే కోత పెడితే వాయిదా కట్టే డబ్బే మాయమవుతుంది, ఆదా చేసిన ఆఫీసుకు శిక్ష పడినట్టు. ఆ పద్దును ప్రతి మూడు నెలలకూ ఒక ఎస్క్రో ఖాతాలోకి (ముందే రాసుకున్న వరసలోనే డబ్బు బయటికి వెళ్లే ఖాతా) విడుదల చేయాలి. అందులోంచి ముందు డిస్కం బిల్లు, తర్వాత ఎస్కో వాయిదా, మిగిలింది భవనం మరమ్మతులకు. ఈ వరస తారుమారు చేస్తే డిస్కం బకాయి పెరుగుతూనే ఉంటుంది. పాత బకాయిని దీనిలో కలపొద్దు, దాన్ని వేరే కాగితం మీద తేల్చుకోవాలి. మార్చి 31కి విడుదల కాని నిధులు మురిగిపోతాయి కాబట్టి పద్దులో నాలుగో విడత జనవరిలోనే అడగాలి. ఇన్ని భవనాలకు ఇన్ని ఎస్క్రోలు ఎవరు నడుపుతారంటారా? ఒక్కో ఆసుపత్రికి ఒక్కో ఒప్పందం పెట్టుకుంటే సంతకాలకే ఏడాది పోతుంది. జిల్లాలోని ఆసుపత్రులన్నీ ఒక మూట, గురుకులాలన్నీ ఇంకో మూటగా కట్టి, శాఖ పైస్థాయిలో ఒకే ఒప్పందం చేసుకోవడమే నయం. ఎస్కోకూ పని పరిమాణం దొరుకుతుంది, బ్యాంకుకూ సంతకం పెట్టే పెద్దచేయి దొరుకుతుంది.

చివరగా పాత ఫ్యాన్ల సంగతి. 250 కొత్తవి బిగించాక 250 పాతవి దించుతారు. వాటిని కండెమ్ చేసి (పనికిరానివని తేల్చి) వేలం వేయాలంటే స్టాక్ రిజిస్టరు, కమిటీ, ఆమోదం, అన్నీ కావాలి. ఆ లోపు అవి స్టోరు రూములో ఉంటాయి. ఏప్రిల్ వస్తుంది, ఉక్కపోత పెరుగుతుంది, వరండాలో రోగుల బంధువులు అడుగుతారు. ఎలక్ట్రీషియను మంచి మనసుతో ఒక్కొక్కటీ తీసి వరండాలో, ఓపీ లైనులో, సైకిల్ స్టాండులో బిగిస్తాడు. ఏడాది తిరిగేసరికి 60 పాత ఫ్యాన్లు మళ్లీ గిర్రున తిరుగుతుంటాయి, మీటరూ వాటితో పాటే. ఎస్కో 'నా తప్పు కాదు' అంటుంది, నిజమే. అందుకే కండెమ్ ఉత్తర్వు పనికి ముందే తెచ్చుకుని, దించిన రోజే వైండింగు తీగ కోసి, తూకం వేసి, రసీదు ఫైల్లో పెట్టాలి. వరండాకు ఫ్యాన్లు కావాలంటే అవి కూడా మొదటి రోజే లెక్కలో రాసుకుని కొత్తవే బిగించాలి.